అరిసెలు వండడం ఎలా: తడి పిండి, ఉండపాకం, పొయ్యి దగ్గర ఇద్దరు

సంక్రాంతికి నాలుగైదు రోజుల ముందు బియ్యం నానబోసి, మర్నాడు పిండి పట్టించి, ఆ తడి ఆరకముందే పాకంలో పోసి అరిసెలు వండుకోవడం ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తరతరాలుగా వస్తున్న పద్ధతి. పండుగకే కాదు, ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారెలో పెట్టడానికీ, పసివాళ్లు తొలి అడుగులు వేసినప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లకు పంచడానికీ అరిసెలే వండుతారు. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు అని పెద్దవాళ్లు వరుస చెబుతుంటారు. వీటిలో పాకుండలకూ అరిసెలకూ పిండి ఒకటే, పాకమూ ఒకటే.

ఇన్ని సందర్భాలకు కావలసిన ఈ వంటను ఇప్పుడు చాలామంది కొనుక్కుంటున్నారు. అందుకు ఓపిక లేకపోవడం కంటే పాకం చెడిపోతుందేమోనన్న భయమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ఒకసారి అరిసె నూనెలో విడిపోతే, తమకు చెయ్యి తిరగలేదనుకుని మళ్లీ ఆ జోలికి వెళ్లరు. నిజానికి అరిసెలు చెడడానికి కారణాలు రెండే: పిండిలో తడి లేకపోవడం, పాకం లేతగానో ముదురుగానో దిగిపోవడం. ఈ రెండింటినీ కంటితోనూ చేతితోనూ గుర్తుపట్టడం నేర్చుకుంటే తొలిసారి వండేవారికి కూడా అరిసెలు కుదురుతాయి. మా అమ్మమ్మ ఏనాడూ పిండిని తూచి పాకంలో పోయలేదు. బెల్లాన్ని మాత్రం కొలిచేది. పిండిని 'పాకం ఎంత పడితే అంత' పోసేది. కింద చెప్పిన పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కావలసినవి

కిలో బియ్యం, 700 గ్రాముల బెల్లం, 100 గ్రాముల నెయ్యి, 100 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల గసగసాలు, పది పన్నెండు యాలకులు, వేయించడానికి లీటరు వేరుశనగ నూనె సిద్ధం చేసుకోండి. తీపి ఎక్కువ ఇష్టపడే ఇళ్లలో బెల్లం 800 గ్రాముల దాకా వేస్తారు, కానీ బెల్లం పెరిగినకొద్దీ అరిసె నూనెలో త్వరగా నల్లబడుతుంది కనుక మొదటిసారి 700 గ్రాములు దాటకండి. ఈ కొలతకు అరచేతిలో సగం పట్టే అరిసెలు సుమారు నలభై వస్తాయి.

బియ్యం విషయంలో పాలిష్ ఎక్కువగా పట్టిన సన్న బియ్యం కంటే కాస్త లావు బియ్యం మేలు. రేషన్ బియ్యంతో అరిసెలు బాగా వస్తాయని ఊళ్లలో చెప్పేది ఉత్తమాట కాదు. అయితే అవి పచ్చి బియ్యమై ఉండాలి, ఉప్పుడు బియ్యం ఈ వంటకు పనికిరావు. ఒకసారి ఉడికి ఆరిన గింజ పాకాన్ని పచ్చి గింజలా పట్టుకోదు. విదేశాల్లో ఉన్నవారు సోనా మసూరి వాడుకోవచ్చు.

బెల్లం కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. మెరిసే పసుపు రంగు రావడానికి కొందరు తయారీదారులు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగులో ఉండి, విరిస్తే లోపల పలుకుగా కనిపించి, నాలుక మీద ఉప్పదనం తగలని బెల్లం తీసుకోండి. అనకాపల్లి, చిత్తూరు బెల్లాలకు పేరు ఉన్నా, ఎక్కడి బెల్లమైనా మెత్తగా సాగుతూ చెమ్మగిల్లి ఉంటే దాన్ని అరిసెలకు వాడవద్దు. అలాంటి బెల్లం ఎంతసేపు మరిగించినా ఉండ సరిగా కట్టదు, కట్టినా అరిసె నాలుగు రోజులకే తడి తేలుతుంది.

బియ్యం నానబెట్టడం

బియ్యాన్ని రెండు మూడు సార్లు కడిగి, మునిగిన పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, 24 గంటలు నానబెట్టండి. మధ్యలో రెండుసార్లు నీళ్లు వంపి కొత్త నీళ్లు పోయాలి, లేకపోతే పులిసిన వాసన పట్టి అది అరిసెలో కూడా తెలుస్తుంది. బియ్యం నానాయా లేదా అన్నది గడియారం కంటే వేలే బాగా చెబుతుంది: ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే లోపల పలుకు తగలకుండా పిండి అయిపోవాలి. ఆరు గంటలు నానిన బియ్యం పైకి మెత్తగానే ఉంటాయి గాని, నడుమ గట్టిదనం మిగిలిపోయి పిండిలో రవ్వ తేలుతుంది. ఆ రవ్వే అరిసెను బరకగా మార్చి, ఒత్తేటప్పుడు అంచులు పగిలేలా చేస్తుంది.

నానిన బియ్యాన్ని జల్లెడలోనో, చిల్లుల గిన్నెలోనో వంచి అరగంట వదిలేయండి. తర్వాత పొడి నూలు బట్ట మీద పలుచగా పరచి, నీడలో, పంకా వేయకుండా, పది పదిహేను నిమిషాలు మాత్రం ఆరనివ్వండి. ఈ ఘట్టంలోనే చాలామంది పొరపడతారు. బియ్యం చేతికి అంటుకోకూడదు, కానీ గుప్పెట్లోకి తీసుకుంటే చల్లగా, చెమ్మగా తగలాలి. తూచి చూసుకోదలచినవారికి ఒక ఆనవాలు చెబుతాను: కిలో బియ్యం నాని, వడిసి, ఈ మాత్రం ఆరిన తర్వాత సుమారు కిలో 250 నుంచి కిలో 300 గ్రాముల మధ్య తూగుతాయి. అంతకంటే బాగా తగ్గితే ఎక్కువ ఆరిపోయాయని అర్థం.

పిండి పట్టడం

పూర్వం రోటి చుట్టూ ఇద్దరు నిలబడి ఒకరి పోటు తర్వాత ఒకరు రోకలి వేస్తూ పిండి కొట్టేవారు, మూడో మనిషి పక్కన కూర్చుని జల్లించేది. ఇప్పుడు సంక్రాంతి రోజుల్లో చాలా ఊళ్లలో పిండి మర దగ్గర తడి బియ్యానికి వేరుగా వరుస కడతారు. మరకు వెళ్లేవారు ముందు తమ కంటే ఎవరు ఏం ఆడించారో చూసుకోండి. కారమో పసుపో ఆడించిన వెంటనే మీ బియ్యం పోయించవద్దు. మరలో పట్టిన పిండి వేడిగా వస్తుంది కనుక ఇంటికి రాగానే గిన్నెలోకి మార్చి, తడి బట్ట కప్పి చల్లారనివ్వాలి.

ఇంట్లో మిక్సీలో పట్టుకోవాలంటే గిన్నెలో మూడో వంతు మాత్రం బియ్యం వేసి, ఆపి ఆపి తిప్పుతూ, ప్రతిసారీ సన్న జల్లెడలో జల్లించుకోండి. జల్లెడలో మిగిలిన నూకను తర్వాతి విడతతో కలిపి మళ్లీ తిప్పండి. జల్లించిన పిండిని గిన్నెలోకి తీసి చేత్తో గట్టిగా అదిమిపెట్టి, పైన తడి బట్ట కప్పండి. అదిమిపెట్టడం ఆచారం కోసం కాదు, గాలి తగిలితే పిండి ఆరిపోతుంది. పిండిని గుప్పెట పట్టి బిగిస్తే ముద్దగా నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. ముద్ద నిలవకపోతే ఒక పిడికెడు నీళ్లు చిలకరించి, మళ్లీ కలిపి, జల్లించండి.

దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు చేయవచ్చా అని దూరదేశాల్లో ఉన్న బంధువులు నన్ను తరచూ అడుగుతారు. చేయవద్దనే చెబుతాను. తడి పిండి మీద వేడి పాకం పడగానే పిండిలో ఉన్న చెమ్మతోనే అది కొంత ఉడికి జిగురు పడుతుంది, ఆ జిగురే నూనెలో అరిసెను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పొడి పిండికి ఆ చెమ్మ లేదు. అది పాకంలోని నీటిని పీల్చుకుని, పాకాన్ని గట్టిపరచి, చివరకు గవ్వలా పళ్లకు తగిలే అరిసెను ఇస్తుంది. మిక్సీ, ఒక జల్లెడ ఉంటే చాలు, ఏ దేశంలోనైనా తడి పిండి తయారవుతుంది.

పాకం

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో తరిగిన బెల్లం వేసి, ఒక చిన్న గ్లాసు, అంటే సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సన్న మంట మీద కరిగించండి. కరగగానే దించి వడపోయాలి, బెల్లంలో ఇసుక, చెరకు పిప్పి తప్పకుండా ఉంటాయి. గిన్నె కడిగి, వడపోసిన బెల్లం నీళ్లను మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఇక అక్కడి నుంచి కదలకండి. పాకం దగ్గర మాట్లాడకూడదనీ, ఆ సమయంలో బయటివాళ్లు వంటింట్లోకి రాకూడదనీ, వస్తే దిష్టి తగిలి పాకం చెడుతుందనీ అనేవారు. దిష్టి సంగతి ఎలా ఉన్నా ఆ కట్టడి మంచిదే. లేత పాకం ముదురు పాకం కావడానికి నిమిషం కూడా పట్టదు, ఆ నిమిషంలో ఎవరో పలకరిస్తే చేతిలోని పని జారిపోతుంది.

పక్కన ఒక పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. మొదట పాకం పెద్ద పెద్ద బుడగలతో పొంగుతుంది, తర్వాత బుడగలు చిన్నవై, నురుగు చిక్కబడి, గరిటె తిప్పితే కాస్త బరువు తెలుస్తుంది. అప్పటి నుంచి అర నిమిషానికోసారి పాకం చుక్కను నీళ్లలో వేసి చూడాలి. చుక్క నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. కరగకుండా అడుగున పరుచుకుని, వేళ్లతో దగ్గరకు తీస్తే తీగలా సాగి జారిపోతే అది తీగపాకం, అరిసెలకు చాలదు. వేళ్లతో దగ్గరకు తీయగానే మెత్తని ఉండ కట్టి, ఆ ఉండను నీళ్లలోంచి పైకి తీసి పళ్లెం అంచు మీద పెడితే నెమ్మదిగా చదునుగా వాలితే, అదే మనకు కావలసిన ఉండపాకం. ఉండ వాలకుండా అలాగే నిలబడినా, పళ్లేనికి వేసి కొడితే టక్కుమని శబ్దం వచ్చినా పాకం ముదిరిందని అర్థం. ఆ పాకం వేరుశనగ ఉండలకో, పప్పుచెక్కకో బాగుంటుంది. వంటింటి థర్మామీటరు ఉన్నవారికి 113 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ ఉండపాకం కనిపిస్తుంది. అయినా నీళ్ల పళ్లెం పక్కన పెట్టుకోవడం మానవద్దు, ఎందుకంటే బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది, అంకె ఒకటే అయినా ఉండ ఒకేలా ఉండదు.

ఎక్కువ రోజులు నిలవ ఉండాలంటే ఉండ ఒక పిసరు గట్టిగా ఉండాలి, నాలుగు రోజుల్లో తినేసేవైతే మెత్తని ఉండ చాలు. మా ఇంట్లో పిల్లల కోసం, పళ్లు లేని పెద్దవాళ్ల కోసం మెత్తని పాకంతో ఒక వాయి వేరుగా వండేవారు.

పిండి పోయడం

ఉండ కుదరగానే మంట పూర్తిగా తగ్గించి, యాలకుల పొడి, గసగసాలు, సగం నెయ్యి వేసి, గిన్నె దించేయండి. ఇప్పుడు ఇద్దరు కావాలి: ఒకరు పిండిని గుప్పెళ్లతో చల్లుతూ ఉండాలి, ఇంకొకరు తెడ్డుతో ఆగకుండా కలుపుతూ ఉండాలి. ఒక్కరే అన్నీ చేయవలసివస్తే పిండిని పెద్ద గిన్నెతో ఒక్కసారిగా కుమ్మరించకండి, ఉండలు కడితే తర్వాత ఎంత పిసికినా పోవు.

పట్టిన పిండంతా పాకంలో పట్టాలన్న నియమం లేదు, పట్టకపోవచ్చు కూడా. పాకం లేతదైతే ఎక్కువ పిండి పడుతుంది, కొంచెం ముదిరితే తక్కువ పడుతుంది. తెడ్డుతో పైకి ఎత్తితే ముద్ద బరువుగా, మడతలు పడుతూ జారే దశలో ఆపండి. అప్పటికి చూడడానికి కాస్త పలుచగానే ఉంటుంది. మరో పిడికెడు పిండి పోయాలనిపిస్తుంది. ఆ పిడికెడు పోయకండి. పాకంలో పిండి కలిసిన ఈ ముద్దనే చలిమిడి అంటారు. చల్లారేకొద్దీ అది తానే గట్టిపడుతుంది, వేడి మీద గట్టిగా ఉన్నది చల్లారాక రాయి అవుతుంది. అందుకే ఎప్పుడూ పాకానికి సరిపోయే దానికంటే కాస్త ఎక్కువ పిండే పట్టి ఉంచుకోవాలి, మిగిలిన దాన్ని మర్నాడు రొట్టెకో కుడుములకో వాడుకోవచ్చు.

మిగిలిన నెయ్యిని చలిమిడి మీద పోసి, మూత పెట్టండి. గోరువెచ్చగా ఉండగానే ఒత్తుకునే ఇళ్లు ఉన్నాయి, రాత్రంతా ఉంచి మర్నాడు ఒత్తేవారూ ఉన్నారు. నా అనుభవంలో గంటసేపు మూత పెట్టి ఉంచిన చలిమిడి ఒత్తడానికి తేలిక, అంచులూ పగలవు. తమిళుల అదిరసం, కన్నడిగుల కజ్జాయ, ఒడిశాలోని అరిశ పిఠా ఇవన్నీ దాదాపు ఈ దారిలోనే తయారవుతాయి. మహారాష్ట్రలోని అనరసా ఒక్కటి వేరు: అక్కడ బియ్యం మూడు రోజులు నానబెట్టి, బెల్లాన్ని పాకం పట్టకుండానే తురిమి తడి పిండిలో కలిపి, ఆ ముద్దను రోజుల తరబడి నిలవ ఉంచి, నూనెలో వేసేముందు గసగసాల మీద ఒత్తుతారు. పాకం అంటే మరీ భయపడేవారికి ఆ దారీ ఉంది, కానీ దాని రుచి అరిసె రుచి కాదు.

ఒత్తడం, వేయించడం

నువ్వులను నూనె లేకుండా దోరగా వేయించి పళ్లెంలో పోసుకోండి. అరటి ఆకుకో, మందపాటి పాలిథిన్ కవరుకో నెయ్యి రాసి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, నువ్వుల్లో ఒకవైపు అద్ది, వేళ్లతో గుండ్రంగా ఒత్తండి. మందం అంతటా ఒకేలా, పూరీ కంటే మందంగా, వడ కంటే పలుచగా ఉండాలి. నడుమ పలుచబడితే నూనెలో చిల్లు పడుతుంది.

మూకుడులో నూనె కాగాక గోరంత చలిమిడి వేసి చూడండి. అది అడుగుకు వెళ్లి నెమ్మదిగా పైకి తేలితే నూనె సరిపోయింది. వేయగానే తేలి రంగు మారితే మంట తగ్గించండి. మొదటి వాయి ఒక్క చిన్న అరిసెతో మొదలుపెట్టండి. మా వైపు దాన్ని పొయ్యి పక్కన వినాయకుడికి పెడతారు. ఆ చిన్న అరిసెతో మీ పాకం ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది.

అది నూనెలో ముక్కలుగా చెదిరితే పాకం లేత. అప్పుడు చలిమిడి గిన్నెను సన్న మంట మీద పెట్టి, రెండు మూడు నిమిషాలు కలుపుతూ వేడి చేసి, రెండు పిడికెళ్ల తడి పిండి కలిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ ఒకటి వేసి చూడండి. చెదరకుండా ఉన్నా పైన పగుళ్లు పడి గట్టిగా వస్తే పాకం ముదిరిందన్నమాట. అప్పుడు వెచ్చటి పాలు చెంచా చెంచాగా చిలకరిస్తూ చలిమిడిని మెత్తబడేదాకా పిసకండి. పాలు కలిపినవి మాత్రం వారంలోగా తినేయాలి.

కుదిరిందని తేలాక ఒక్కో వాయికి రెండేసి అరిసెలు వేయండి. అంతకు మించి వేస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి. వేసిన అరిసె తేలి, కొంచెం పొంగిన తర్వాతే తిప్పాలి, ముందే గరిటె తగిలిస్తే విరుగుతుంది. రెండు వైపులా ముదురు గోధుమ రంగు రాగానే తీసేయండి, బెల్లం ఉంది కనుక తీసిన తర్వాత కూడా రంగు ఇంకాస్త ముదురుతుంది. తీసిన వెంటనే అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె కారేదాకా ఒత్తండి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి మూకుడు మీదే ఒత్తవచ్చు. గట్టిగా నొక్కితే పలుచని గట్టి అరిసె వస్తుంది, తేలిగ్గా నొక్కితే లోపల మెత్తదనం నిలుస్తుంది. ఏ ఇంటి అరిసె ఆ ఇంటిదని గుర్తుపట్టేది చాలావరకు ఈ నొక్కుడు వల్లే. ఇక్కడ కూడా ఇద్దరుంటే మంచిది: ఒకరు ఒత్తి నూనెలో వేస్తుంటే ఇంకొకరు తీసి నొక్కుతారు, నూనె కాగిపోకుండా పని సాగుతుంది.

చివర్లో కాస్త చలిమిడి ఉంచుకుని, సన్నగా తరిగి నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు కలిపి చిన్న చిన్న ఉండలుగా చేసి అదే నూనెలో వేయిస్తే పాకుండలవుతాయి. వీటిని ఒత్తనక్కరలేదు, నొక్కనక్కరలేదు. అరిసెలు నమలలేని పసివాళ్ల చేతికి ఇవే ఇస్తారు.

నిలవ ఉంచడం

నొక్కిన అరిసెలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా విడివిడిగా పరచండి. పల్లెల్లో శుభ్రమైన వరిగడ్డి పరిచి దాని మీద ఆరబెట్టేవారు, మిగిలిన నూనె గడ్డికి పోయేది, కింది నుంచి గాలి ఆడేది. ఇప్పుడు వెదురు తట్టో, జాలీ పళ్లెమో ఆ పని చేస్తుంది. అచ్చు కాగితాల మీద మాత్రం పరచకండి, సిరా అంటుకుంటుంది. కనీసం ఐదారు గంటలు, వీలైతే రాత్రంతా ఆరనిచ్చి, లోపలి వెచ్చదనం పూర్తిగా పోయాకే డబ్బాలోకి సర్దాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చెమ్మగా దిగి, వారానికే బూజు పడుతుంది. పొడి స్టీలు డబ్బాలో, తడి చెయ్యి తగలకుండా ఉంచితే చలికాలంలో మూడు వారాలు, గట్టి పాకంవైతే నెలరోజులు కూడా ఉంటాయి. వండిన రోజు అరిసెలో నూనె వాసనే ముందు తెలుస్తుంది. బెల్లం, నెయ్యి, యాలకులు ఒకదానిలో ఒకటి కలిసి అసలు రుచి తేలేది రెండో రోజు సాయంత్రం నుంచి. అందుకే భోగి నాటికి తినాలంటే అంతకు రెండు రోజుల ముందే వండుకోండి. గట్టిపడిన అరిసెను తినేముందు ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టి, పైన చుక్క నెయ్యి వేసుకుంటే మళ్లీ మెత్తబడుతుంది.